రోగం కాని బాధ: జిడ్డు కృష్ణమూర్తి జీవితం

పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకంలో కడప జిల్లా నేటికన్న చాల విశాలమైనది. పెన్న ఒడ్డున జమ్మలమడుగు, దానికి దిగువన ప్రొద్దుటూరు, దక్షిణాన మెట్టసేద్యమే ఆధారమైన పులివెందుల, దానికావల కదిరి, ఇంకా దక్షిణాన మదనపల్లె, వాయల్పాడు: ఇవన్నీ ఒకే కలెక్టరు ఏలుబడిలోని తాలూకాలు. 1910లో కదిరి అనంతపురం జిల్లాకు, 1911లో మదనపల్లె క్రొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాకు మారిపోయినవి.

ఆనాటి ఆ జిల్లాలో ఒంటికి జబ్బు చేస్తే నాటువైద్యుడు ఉండేవాడు. ఆ దశకంలోనే జమ్మలమడుగులో లండన్ మిషన్ వారి వైద్యం కూడ ఆరంభమైనది. బుద్ధి పూర్తిగా చలించి, మనిషిని ఇంట నిలుపుకొనలేని స్థితి వస్తే మద్రాసులో, కీల్పాకులో, 1871 నుంచి పిచ్చాసుపత్రి ఉన్నది. ఈ రెండింటికీ నడుమ మరొక విధమైన బాధ ఉన్నది. బిడ్డను మట్టిలో కలిపి వచ్చిన ప్రొద్దుటూరి ఇల్లాలికి జ్వరం లేదు. అన్నదమ్ముల వ్యాజ్యంతో రాత్రంతా కన్ను మూయని పులివెందుల రైతుకు పిచ్చి లేదు. పరీక్ష తప్పి తండ్రి ముఖం చూడలేక పెన్న ఇసుకలో కూర్చున్న జమ్మలమడుగు కుర్రవానికి ఏ వైద్యుడూ మందు కట్టి ఇవ్వలేడు. వీరందరూ ఎవరి దగ్గరకు పోవాలి? గండి వీరాంజనేయునికి ముడుపు కట్టేవారు. బ్రహ్మంగారి తత్వమో వేమన్న పద్యమో పాడుకొనేవారు. రచ్చబండ మీద చెప్పుకొనేవారు. ఈ మార్గాలేవీ తక్కువవి కావు. కాని రచ్చబండ మీద మాటలాడేవారే ఎక్కువ, వినేవారు తక్కువ. బాధ సగం చెప్పకముందే పదిమంది పది సలహాలు ఇస్తారు.

ఆ జిల్లాలో పుట్టి, దాని మన్యపు జ్వరాలలో పెరిగి, పదవ యేట తల్లిని పోగొట్టుకున్న ఒక బాలుడు పెద్దవాడై, రోగులు కాని మనుష్యుల బాధను వినడానికే జీవితంలో పెద్ద భాగాన్ని వెచ్చించినాడు. ఆయన పేరు జిడ్డు కృష్ణమూర్తి. లోకం ఆయనను తత్త్వవేత్త అన్నది; జగద్గురువు అని కూడ కొంతకాలం అన్నది. వైద్యుడని మాత్రం ఎవరూ అనలేదు. ఆయనా ఒప్పుకొనలేదు.

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో ఒక చిన్న ఇంట జన్మించినాడు. తండ్రి జిడ్డు నారాయణయ్య మద్రాసు విశ్వవిద్యాలయపు పట్టభద్రుడు, రెవిన్యూ శాఖలో ఉద్యోగి. తరువాత తహసీల్దారు అయినాడు. దివ్యజ్ఞాన సమాజంలో చాలకాలంగా సభ్యుడైన నారాయణయ్య ఇంట అనీబిసెంటు చిత్రపటం దేవతల పటాల సరసన ఉండేది. తల్లి సంజీవమ్మ భక్తురాలు. ఎనిమిదవ సంతానం కావడంచేత బిడ్డకు కృష్ణుని పేరు పెట్టినారు. ఆమె కన్న బిడ్డలలో చాలమంది దక్కలేదు. ఆనాటి ఇళ్ళలో ఇది వింత కాదు. అందుచేతనే ఆ దుఃఖాన్ని దుఃఖంగా లెక్కించిన వారూ తక్కువ.

1896 చివర నారాయణయ్యకు కడపకు బదిలీ అయినది. మరుసటి సంవత్సరం కరవు సంవత్సరం. ఆ ప్రాంతంలో మలేరియా ఎంత ప్రబలంగా ఉండేదంటే రెండేళ్ళ కృష్ణ దాదాపు చావు దాకా పోయి వచ్చినాడు. ఆ జ్వరం ఆయనను చాల యేళ్ళు విడువలేదు. ముక్కునుంచి, నోటినుంచి రక్తం కారేది. ఒక దశలో ఏడాదికి పైగా బడికే పోలేదు. కదిరికి బదిలీ అయినపుడు అక్కడ ఉపనయనం జరిగినది. అక్షరాభ్యాసం తరువాత బడిలో ప్రవేశం కూడ అక్కడనే. కదిరినుంచి కడపకు బాట పులివెందుల, వేంపల్లెల మీదుగా పోతుంది. తహసీల్దారుల కుటుంబాలు ఆ రోజులలో ఇటువంటి బాటల మీద, బండ్లలో సామాను వేసుకొని, ఒక ఊరినుంచి మరొక ఊరికి మారుతూనే ఉండేవి. పిల్లవానికి ఒక ఊరు, ఒక బడి, ఒక స్నేహితుడు అని స్థిరపడే అవకాశమే లేదు. ఉన్న స్నేహితుడు తమ్ముడు నిత్యానంద. 1898లో పుట్టిన నిత్య చురుకైనవాడు. అన్న వెనుకబడినాడని ఇంటివారూ బడివారూ అనుకొన్న కొద్దీ తమ్ముని తెలివి మరింత ప్రకాశించినది.

కృష్ణ మందమతి అని అందరూ అనుకొన్నారు. అయితే తండ్రి చెప్పిన సంగతులు కొన్ని అందుకు ఎదురు సాక్ష్యం పలుకుతవి. బడిలో పేదపిల్లలకు తన పలకా బలపమూ ఇచ్చివేసి ఉత్త చేతులతో ఇంటికి వచ్చేవాడు. ముష్టివానికి వేయవలసిన బియ్యమంతా ఒకరి జోలెలోనే పోసి, మరొకరికి కావాలని మళ్ళీ లోపలికి పోయేవాడు. ఒకనాడు తండ్రి గడియారాన్ని విప్పి ముక్కలు ముక్కలుగా పరచినాడు; దానిని తిరిగి బిగించేవరకు బడికి పోలేదు, అన్నానికి లేవలేదు. చెట్టునో మబ్బునో చీమల బారునో చూస్తూ గంటలకొద్దీ నిలిచిపోయేవాడు. మందమతికి అంతటి నిలకడ ఉండదు. కాని ఎక్కాల పట్టికలో ఈ నిలకడకు మార్కులు లేవు.

1904లో ఇరవై యేళ్ళ అక్క మరణించినది. సంజీవమ్మ తోటలో తన కూతురు కనిపిస్తున్నదని చెప్పి, చిన్నవాడైన కృష్ణను అక్కడికి తీసుకొని పోయి చూపేది. ఇది దివ్యదృష్టియా, కన్నకడుపు వేదనయా అన్న విచారణ అనవసరం. ఆమెకు ఆ మాట చెప్పుకోడానికి దొరికిన శ్రోత తొమ్మిదేళ్ళ కొడుకు. అంతవరకు నిజం. 1905 డిసెంబరులో, కడపలోనే, సంజీవమ్మ కూడ కన్ను మూసినది.

ఆనాడు పదేళ్ళ పిల్లవానికి తల్లి చనిపోతే జరిగేది ఏమి? పదిరోజుల కర్మ, శుద్ధి, తరువాత మళ్ళీ బడి. పెద్దవారికి ఓదార్చేవారు ఉంటారు. పిల్లవానికి ఏమి తెలుసునని అంటారు. జ్వరంచేత తరచు ఇంటనే ఉండిపోయిన కృష్ణకు అన్నం పెట్టినదీ, చదువు చెప్పినదీ, పక్కన కూర్చున్నదీ ఆ తల్లే. తరువాత ఎనిమిదేళ్ళకు ఆయన తన బాల్యాన్ని గురించి కొన్ని పుటలు వ్రాసినాడు. తల్లి పోవడంతో తమకు దొరికిన ప్రేమంతా పోయినదనీ, తండ్రికి కచేరీ పనివలన తీరిక లేక తమను చూచేవారే లేకపోయినారనీ అందులో చెప్పినాడు. మరణం తరువాత కూడ ఇంట ఆమె గాజుల చప్పుడు, చీర రెపరెప విన్నాననీ, ఆమె రూపం వెంట మేడమెట్లు ఎక్కినాననీ జ్ఞాపకం చేసుకొన్నాడు.

1907 చివర నారాయణయ్య ఉద్యోగ విరమణ చేసినాడు. ఇచ్చిన పింఛను నెలకు 112 రూపాయలు. నలుగురు కొడుకులను పోషించడానికి అది చాలక, 1909 జనవరిలో మద్రాసు చేరి అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో పనికి కుదిరినాడు. పిల్లలు నడిచి మైలాపూరులోని ఒక ఉన్నత పాఠశాలకు పోయేవారు. అక్కడ కృష్ణ పొందిన విద్య బెత్తపు విద్యయే. పాఠం అప్పగించలేదని దాదాపు ప్రతిదినం దెబ్బలు; కొన్ని దినాలు తరగతినుంచి వరండాలోకి వెళ్ళగొట్టడం. వరండాలో నిలిపినవాడు ఆ సంగతే మరచి ఇంటికి పోయేవాడు. వెలుగు పోయేవరకు పిల్లవాడు అక్కడే నిలబడి ఉండేవాడు. తమ్ముడు వచ్చి చేయి పట్టుకొని తీసుకొని పోయేవాడు.

ఆ ఉపాధ్యాయుని దుర్మార్గుడని చెప్పడానికి వీలు లేదు. ఆయనకు తెలిసిన విద్య అది. మలేరియా పీల్చివేసిన శరీరం, తల్లిలేని ఇల్లు, అయిదారు ఊళ్ళు మారిన బాల్యం, ఇవేవీ హాజరుపట్టీలో కనిపించవు. ఆ పిల్లవానికి ఏ జబ్బు పేరూ అంటదు. ఏ ఆసుపత్రి చీటీ అవసరం లేదు. కావలసినది ఎవరో ఒకరు బెంచి మీద పక్కన కూర్చుండి, ఇంట ఏమి జరుగుతున్నదని అడగడం. అడిగినవారు లేరు.

తరువాతి కథ లోకప్రసిద్ధం. 1909లో అడయారు సముద్రతీరంలో ఆడుకొంటున్న ఆ బక్కపలుచని బాలుని లెడ్‌బీటరు చూచి, ఆతని ప్రభామండలంలో స్వార్థపు లేశమే లేదని ప్రకటించినాడు. అప్పటికి చదువులో సాయపడుతున్న మరొక ఆంగ్లేయునికి ఆ మాట నమ్మశక్యం కాలేదు. ఆయన కూడ కృష్ణను మందమతి అనే తలచి ఉన్నాడు. అనీబిసెంటు అన్నదమ్ములిద్దరినీ పెంపునకు తీసుకొన్నది. 1911లో కృష్ణమూర్తి అధ్యక్షుడుగా తూర్పు నక్షత్ర సంఘం ఏర్పడినది. పిల్లలను తిరిగి ఇప్పించవలెనని నారాయణయ్య వేసిన దావా మద్రాసు హైకోర్టులో 1913లో గెలిచి, లండన్‌లో ప్రీవీ కౌన్సిలు ముందు 1914లో ఓడినది. తండ్రి ఒకవైపు, పెంపుడు తల్లి ఒకవైపు నిలిచిన ఆ వ్యాజ్యం నడుమ పద్దెనిమిదేళ్ళ యువకుని మనస్సు ఎట్లుండి ఉంటుందో ఊహించవచ్చును.

ఆ 1913లోనే, ఫ్రాన్సులో నార్మండీ తీరాన వరాంజ్‌విల్ అనే ఊర, పైన చెప్పిన బాల్యస్మృతులు వ్రాసినాడు. ఏటేటా కొంత చేర్చుతూ యాభై యేళ్ళ జీవితం వ్రాయాలని సంకల్పం. కొన్ని పుటలతోనే అది ఆగిపోయినది. అయినా తల్లి మరణాన్ని గురించి నోరు విప్పి చెప్పుకొనే అవకాశం లేనివాడు దానిని కాగితం మీద చెప్పుకొన్నాడన్నది గమనించదగినది. దీనిని గురించి శాస్త్రజ్ఞులు చాల ఆలస్యంగా ఆలోచించినారు. అమెరికాలో పెనెబేకరు అనే మనశ్శాస్త్రజ్ఞుడు ఆరోగ్యవంతులైన కళాశాల విద్యార్థులను తీసుకొని, కొందరిచేత జీవితంలో తమను మిక్కిలి కలచివేసిన సంగతిని, కొందరిచేత మామూలు విషయాలను, వరుసగా నాలుగు దినాలు వ్రాయించినాడు. తమ దుఃఖాన్నీ దాని వెనుక ఉన్న భావాలనూ కలిపి వ్రాసినవారు ఆ తరువాతి నెలలలో వైద్యునివద్దకు పోయిన సందర్భాలు తగ్గినవి. వ్రాసిన రోజున మాత్రం వారి మనస్సు ఇంకా బరువెక్కినది. ఆ పరిశోధన ప్రకటితమైన సంవత్సరం 1986. వారిలో రోగులు ఎవరూ లేరు. మనస్సులో పెట్టుకొన్నది బయట పెట్టడంవల్ల మేలు పొందడానికి రోగి కానక్కరలేదన్న మాట.

ఇంగ్లండులో కృష్ణమూర్తి చదువు సాగలేదు. ఆక్స్‌ఫర్డులో చోటు దొరకలేదు. లండన్ విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షలో ఒకటికి రెండుసార్లు తప్పినాడు. పరీక్ష గదిలో తెల్లకాగితం మీద ఏమీ వ్రాయలేక లేచి వచ్చిన దినాలు ఉన్నవి. నిత్యానంద న్యాయశాస్త్రంలో కృతార్థుడైనాడు. కాని క్షయ సోకినది. ఆరోగ్యం కోసం 1922లో అన్నదమ్ములు కాలిఫోర్నియాలోని ఓహాయి లోయ చేరినారు. మహాత్ములు నిత్యను రక్షించి తీరుతారని సమాజ పెద్దలు చెప్పినారు. కృష్ణమూర్తి నమ్మినాడు.

1925 నవంబరులో తమ్ముని ఓహాయిలో విడిచి, అనీబిసెంటు మొదలైనవారితో ఓడలో భారతదేశానికి బయలుదేరినాడు. ఓడ సూయజు కాలువలో ప్రవేశించిన రాత్రి, 13వ తేదీన, నిత్య మరణవార్త తంతి ద్వారా అందినది. ఆయన గదిలోనే ప్రయాణం చేస్తూ ఉండిన బి. శివరావు ఆ రాత్రులను గురించి తరువాత చెప్పినారు. పగలు ఎట్లో నిలదొక్కుకొనే కృష్ణమూర్తి రాత్రి నిద్రలో వెక్కి వెక్కి ఏడ్చేవాడు. నిత్యా అని పిలిచేవాడు. ఒక్కొక్కసారి ఆ పిలుపు తెలుగులో ఉండేది. మేలుకొని ఉన్నపుడు ఆయనకు తెలుగు రాదు. పద్నాలుగవ యేటినుంచి ఆంగ్లమే మాటలాడి మాతృభాషను పూర్తిగా మరచిపోయినాడు. కడపలోనూ కదిరిలోనూ తల్లితో మాటలాడిన భాష, నోరు మరచినది, దుఃఖం మరవలేదు.

సుమారు పది దినాలలో ఆయన శాంతించినాడు. కొలంబోలో దిగినవాడు సూయజులో ఏడ్చినవాడు కాడని శివరావుకు తోచినది. ఆ తరువాత తమ్ముని గురించి వ్రాసిన వ్యాసంలో, పాత కల ఒకటి చచ్చిపోయినదని, శోకంనుంచి పారిపోక దానిని చూచినానని కృష్ణమూర్తి తెలిపినాడు. ఆ చూపునకు ఎంత కారణం తానో, ప్రక్క మంచంమీద మేలుకొని ఆ ఏడ్పు విన్న స్నేహితుడెంతో విడదీయడం కష్టం. శివరావు సలహా చెప్పలేదు, కర్మసిద్ధాంతం బోధించలేదు. ప్రక్కన ఉన్నాడు, విన్నాడు.

నాలుగేళ్ళు గడిచినవి. 1929 ఆగస్టు 3వ తేదీన, హాలెండు దేశంలో ఓమెన్ అనే చోట, అనీబిసెంటు ఎదుటనే, మూడువేలకు పైగా సభ్యుల సమక్షంలో, తన కోసం ఏర్పడిన సంఘాన్ని కృష్ణమూర్తి రద్దు చేసినాడు. సంఘానికి వచ్చిన కోట, భూములు ఇచ్చినవారికే చేరినవి. ఇకమీదట తనకు శిష్యులు లేరని, ఎవరికీ తాను గురువు కాడని చెప్పినాడు. ఇది సాధారణంగా త్యాగంగా వర్ణింపబడుతుంది. త్యాగమే. కాని మన విషయానికి మరొక అర్థం ఉన్నది. గురువు దగ్గరకు పోయినవాడు వినడానికి పోతాడు. ఎదుటివాడు గురువు కాదని తెలిసినపుడే మనిషి తన సంగతి చెప్పడానికి పోతాడు.

అప్పటినుంచి ఆయన జీవితంలో రెండు పనులు సాగినవి. ఒకటి, అందరికీ తెలిసిన బహిరంగోపన్యాసాలు. రెండవది, అంతగా చెప్పుకొనబడనిది: ఏకాంతంగా వచ్చినవారితో మాటలాడడం. ఏ ఊర దిగినా, ఉదయం పూట, ఒక గదిలో చాప మీద కూర్చుండి ఒకరి తరువాత ఒకరిని చూచేవారు. రుసుము లేదు. మతం, కులం, హోదా ప్రశ్న లేదు. మీకు జబ్బు ఉన్నదా అన్న ప్రశ్న అసలే లేదు. వచ్చినవారు ఎక్కువగా చక్కగా ఉద్యోగం చేసుకొనేవారు, సంసారం నడుపుకొనేవారు, ఊరిలో పేరున్నవారు. అట్టివారే లోపల ఇరుకునపడి ఉంటారు.

యుద్ధకాలమంతా ఓహాయిలోనే గడిపిన రోజులలో, స్నేహితుడైన నవలాకారుడు ఆల్డస్ హక్స్‌లీ ప్రోత్సాహంతో, ఈ సంభాషణలను గ్రంథస్థం చేయసాగినారు. 1956, 1958, 1960 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువడిన ఆ జీవన వ్యాఖ్యానాలలో ఒక్కరి పేరు కూడ లేదు. ముందుగా నది, చెట్టు, పల్లెబాట, సాయంకాలపు వెలుగు. తరువాత ఒక మనిషి. కొడుకును పోగొట్టుకొన్న తల్లి, పదవిలో ఎదిగిన కొద్దీ ఎండిపోయిన అధికారి, అసూయ వదలని భర్త, యేళ్ళు తపస్సు చేసి శాంతి దొరకని సన్న్యాసి వస్తారు. కృష్ణమూర్తి వారి తరఫున తీర్పు చెప్పరు. అడిగిన ప్రశ్నను తిరిగి వారి చేతిలోనే పెడతారు. ఆ మనిషి తాను అడుగవచ్చినది ఒకటి, అడుగవలసినది మరొకటి అని కొంతసేపటికి గ్రహిస్తాడు. కొందరు గ్రహించరు, నిరాశతో లేచి పోతారు. ఆ సంగతి కూడ దాచకుండ వ్రాసినారు.

పేరు పెట్టి చెప్పగలిగిన ఉదాహరణ పుపుల్ జయకర్. ఆమె 1948లో బొంబాయిలో ఆయనను మొదటిసారి చూచినది. అప్పటికే సాంఘికసేవలో ఆరితేరి, తీరిక లేకుండ తిరుగుతున్న సమర్థురాలు. తాను చేస్తున్న పనులను గురించి చెప్పడం ప్రారంభించిన ఆమె, కొంతసేపటికి, ఏండ్లతరబడి లోపల అణచిపెట్టుకొన్న మరణదుఃఖం పొంగి కంటతడి ఆపలేకపోయినది. ఏ వైద్యుడూ ఆమెను రోగి అని వ్రాయడు. ఆమెకు అప్పుడు లభించిన మేలు మందు కాదు, బోధ కూడ కాదు. చెప్పుకొంటున్నంతసేపు ఎదుటివాని దృష్టి చెదరలేదన్న ఒక్క సంగతి. తరువాత ఆమె కృష్ణమూర్తి జీవితచరిత్ర వ్రాసి ఈ సంగతి తానే లోకానికి తెలిపినది.

ఈ కాలంలోనే అమెరికాలో కార్ల్ రోజర్సు అనే మనశ్శాస్త్రజ్ఞుడు దాదాపు ఇటువంటి మార్గాన్నే శాస్త్రంగా రూపొందిస్తున్నాడు. 1942లో, మరల 1951లో ప్రకటించిన గ్రంథాలలో, తనవద్దకు వచ్చినవానిని రోగి అని పిలవరాదని ఆయన వాదించినాడు. సలహా, విశ్లేషణ, తీర్పు కన్న ముందు కావలసినది నిష్కపటంగా, ఆదరంతో వినడమని ఆయన మతం. దేశం వేరు, మార్గం వేరు అయినా ఇద్దరూ ఒక గడప దగ్గరకు చేరినారు. బాధ ముదిరి జబ్బు అయ్యేవరకు మనిషి కాచుకొని కూర్చుండవలసిన పని లేదని ఇద్దరి గదులూ ఋజువు చేసినవి.

అయితే కృష్ణమూర్తికి మనోవిశ్లేషణ మీద నమ్మకం లేదు. గతాన్ని పొరలు పొరలుగా విప్పుతూ పోతే జీవితం చాలదనీ, విశ్లేషించే మనస్సు, విశ్లేషణకు గురి అయ్యే మనస్సు రెండూ ఒకటేననీ ఆయన వాదం. న్యూయార్కులో డేవిడ్ షైన్‌బర్గ్ అనే మానసిక వైద్యుడు సమకూర్చిన సభలలో మనోవైద్యులతో ఈ విషయమై వాదించినారు. 1976లో ఇంగ్లండులోని బ్రాక్‌వుడ్ పార్కులో షైన్‌బర్గు, భౌతికశాస్త్రజ్ఞుడు డేవిడ్ బోమ్, కృష్ణమూర్తి ముగ్గురూ కూర్చుండి జరిపిన సంభాషణలు చిత్రీకరింపబడినవి. వాదంలో కృష్ణమూర్తి కొంత కఠినుడే. నెలలతరబడి ఒకే మనిషిని మళ్ళీ మళ్ళీ చూచి, మెల్లగా నడిపించే వైద్యుని ఓపిక ఆయన పద్ధతిలో లేదు. ఒకసారి వచ్చి గాయం విప్పుకొని పోయినవానిని మరునాడు ఎవరు చూస్తారన్న ప్రశ్నకు ఆయనవద్ద సమాధానం కనిపించదు. జబ్బు నిజంగా ఉన్నవానికి వైద్యుడు, మందు తప్పవు. ఒక గంట సంభాషణ దానికి ప్రత్యామ్నాయం కాజాలదు. ఇంకొక సంగతి కూడ చెప్పక తీరదు. వేలమంది గొడవలు విన్న ఈ మహనీయుడు, తన గ్రంథాలకు సంపాదకుడూ చిరకాల సహచరుడూ అయిన రాజగోపాల్‌తో వచ్చిన కలతను మాటలతో తీర్చుకొనలేకపోయినారు. అది కాలిఫోర్నియా న్యాయస్థానం దాకా పోయి 1974లో రాజీ అయినది. పరుల మాట వినగలగడం ఒకటి, తన ఇంటి మాట వినగలగడం మరొకటి.

ఉపాధ్యాయులకు దగ్గరగా వచ్చే భాగం రిషివ్యాలీ. పుట్టిన మదనపల్లెకు సమీపంలో, గుట్టల నడుమ, ఒక పెద్ద మర్రిచెట్టు ఉన్న లోయను 1920ల మధ్యలో కృష్ణమూర్తి పాఠశాల కోసం ఎన్నుకొన్నారు. అక్కడ పాఠశాల 1930ల ఆరంభంలో స్థిరపడినది. తరువాతి దశాబ్దాలలో ఆయన చలికాలంలో వచ్చి పిల్లలతోనూ ఉపాధ్యాయులతోనూ కూర్చుండేవారు. ఏమి మాటలాడేవారు? భయం గురించి. ఒక పిల్లవానిని మరొక పిల్లవానితో పోల్చడం గురించి. పోలికలో ఒకరు పెరుగరు, ఇద్దరూ కుంచించుకొని పోతారని ఆయన నిశ్చయం. నిత్య చురుకైనవాడు, కృష్ణ మందుడు అన్న మాట వింటూ పెరిగినవానికి ఈ సంగతి పుస్తకాలవల్ల తెలిసినది కాదు. విద్యను గురించి 1953లో ప్రకటించిన గ్రంథంలో, ఉపాధ్యాయుడు పిల్లవానిని ఎట్లుండాలో అన్న ఆదర్శంతో కాక ఎట్లున్నాడో అట్లు చూడాలన్నది ముఖ్య ప్రతిపాదన. నలభై, అరవై మంది ఉన్న తరగతిలో ఇది సాధ్యమా అని ప్రొద్దుటూరిలోనో పులివెందులలోనో పనిచేసే ఉపాధ్యాయుడు అడిగితే తప్పు లేదు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని వరండాలో ఎవరిని నిలిపినామో సాయంకాలం గంట కొట్టే ముందు జ్ఞాపకం చేసుకోడానికి తరగతి చిన్నది కావలసిన అవసరం లేదు.

రచ్చబండకూ పిచ్చాసుపత్రికీ నడుమ ఏమీ లేని రోజులు కొంత మారినవి. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం టెలి మానస్ అనే దూరవాణి సేవను నెలకొల్పినది. 14416 అనే సంఖ్యకు జమ్మలమడుగునుంచి అయినా, పులివెందుల పల్లెనుంచి అయినా, రాత్రి పగలు భేదం లేక, రుసుము లేక, తెలుగులో మాటలాడవచ్చును. పరీక్షల దిగులు, ఇంటి కలత, నిద్రపట్టకపోవడం వంటివి చెప్పుకొన్నా అవతలివారు వింటారు. జబ్బు ఉన్నదని చీటీ చూపవలసిన పని లేదు.

కృష్ణమూర్తి 1985 చివర కడసారి రిషివ్యాలీకి వచ్చినారు. అప్పటికి తొంభై యేళ్ళు. ఒళ్ళు కృశించినది, జ్వరం వస్తూ ఉన్నది. నడక తగ్గినా పిల్లలతోనూ ఉపాధ్యాయులతోనూ కూర్చుండడం మానలేదు. అక్కడనుంచి మద్రాసు పోయి 1986 జనవరి 4వ తేదీన వసంతవిహారంలో తుది ఉపన్యాసం ఇచ్చినారు. కాలిఫోర్నియాకు విమానం ఎక్కవలసిన నాటి సాయంకాలం అడయారు సముద్రతీరానికి పోయినారు. డెబ్బై ఏడేళ్ళ క్రిందట, బడిలో దెబ్బలు తిని వచ్చి తమ్మునితో ఆడుకొన్న ఇసుక అది. వెంట వచ్చినవారిని కొంచెం దూరంలో ఆగమని చెప్పి, ఒంటరిగా ముందుకు పోయి, సముద్రాన్ని, ఆకాశాన్ని చూస్తూ చాలసేపు నిలబడినారు. తరువాత తిరిగి వచ్చి కారు ఎక్కినారు. ఫిబ్రవరి 17వ తేదీన ఓహాయిలో, నిత్య కన్ను మూసిన లోయలోనే, ఆయన జీవితం ముగిసినది.